సీసీ పెరిగితే పెట్రోలు ఎంత పెరుగుతుంది? మాస్టారి ప్రశ్నకి ఒక షెడ్డువాడి లెక్క

మాస్టారు అడిగింది ఇదీ. ఉండేది గుంటూరులో. బడి ఊరి బయట పన్నెండు కిలోమీటర్లు, అంటే రోజూ రానూపోనూ 24. నెలకోసారి మార్కాపురం దగ్గర సొంతూరు. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నాన్నగారు. ఏడాదికోసారి శ్రీశైలమో తిరుమలో. వ్యాగనార్ 1.0 (లీటరు ఇంజన్, అంటే దాదాపు వెయ్యి సీసీ) తీసుకుందామనుకుంటే తమ్ముడు 1.2 తీసుకోమంటున్నాడు. ఇంకో షోరూమ్‌కి వెళితే అక్కడ క్రెటా 1.5 చూపించారు. "ఇంజన్ పెద్దదైతే సగం జీతం పెట్రోలు బంకుకే పోతుందేమో అని టెన్షన్‌గా ఉంది" అన్నారు.

మాస్టారూ, ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. మీకు 1.2 పెట్రోలు సరిపోతుంది, గేర్లు చేత్తో వేసేదే తీసుకోండి. 1.5 వద్దనే అంటాను కానీ పెట్రోలు తాగుతుందని కాదు. డీజిల్ జోలికి అసలు పోకండి. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా షెడ్డు నడుపుతున్నాను. "మైలేజీ ఎంత వస్తుంది" అని అడిగి కారు కొన్నవాళ్లు లెక్కలేనంతమందిని చూశాను. "నా బండిలో ఎంతమంది ఎక్కుతారు, ఏ రోడ్డు మీద తిరుగుతాను" అని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

మీ అదృష్టం ఏమిటంటే వ్యాగనార్ ఒకే బండిలో రెండు ఇంజన్లతో దొరుకుతుంది. అదే బాడీ, అదే సీట్లు, బరువులో పెద్ద తేడా లేదు. కాబట్టి ఇంజన్ సైజు ఒక్కటే మారితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చూడొచ్చు. 998 సీసీ ఇంజన్‌కి కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్‌లో 24.35. 1197 సీసీ దానికి 23.56. తేడా లీటరుకి ఒక కిలోమీటరు కూడా లేదు. మీ తిరుగుడు నెలకి 900 అవుతోంది, లెక్క తేలిగ్గా ఉండటానికి వెయ్యి అనుకుందాం. లీటరు 108 వేసుకుందాం. రేటు రూపాయో రెండో అటూ ఇటూ అయినా తేలే సంగతి మారదు. వెయ్యి కిలోమీటర్లకి చిన్న ఇంజన్ 41.1 లీటర్లు, పెద్దది 42.4 లీటర్లు తాగుతుంది. నెలకి తేడా నూట యాభై రూపాయలు.

కంపెనీ చెప్పే మైలేజీ రోడ్డు మీద రాదని మీకూ తెలుసు. అది మోసమేమీ కాదు. ఆ పరీక్ష రోలర్ల మీద, ఏసీ కట్టేసి, గంటకి 90 దాటకుండా, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి చేస్తారు. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ మన జేబు లెక్కకి పనికిరాదు. నా దగ్గరికి సర్వీసుకి వచ్చే బళ్లలో ఏసీ వేసుకుని టౌన్లో తిరిగే 1.0 కి పదిహేడు దాకా, 1.2 కి పదహారు దాకా వస్తోంది. హైవే మీద 80-90లో పోతే రెండూ ఇరవై దగ్గరే ఆడతాయి. సరే, టౌన్ లెక్కే వేద్దాం, మనకి బాగా నష్టం చూపించే లెక్క. ఐదేళ్లలో 60,000 కిలోమీటర్లు. పదిహేడు చొప్పున 3,530 లీటర్లు, పదహారు చొప్పున 3,750. తేడా 220 లీటర్లు, డబ్బుల్లో దాదాపు 24 వేలు. అంటే నెలకి నాలుగొందలు. మీ టెన్షన్ ఖరీదు అంతే.

దీనికి ఇన్సూరెన్స్ ఒకటి కలపాలి. ఇది ఎవరూ చెప్పరు. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టేది, కారు ధరని బట్టి కాదు, సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు 2,094, 1000 నుంచి 1500 దాకా 3,416, 1500 దాటితే 7,897, పైన జీఎస్టీ. 998 నుంచి 1197 కి వెళితే మెట్టు మారుతుంది. ఏడాదికి పదిహేనువందల చిల్లర అదనం. ఐదేళ్లకి ఎనిమిది వేల లోపు. రెండూ కలిపి ముప్ఫై వేలు దాటింది, దాని మీద వేరియంటు ధర తేడా. వ్యాగనార్‌లో 1.2 పై వేరియంట్లలోనే వస్తుంది కాబట్టి ఆ తేడాలో కొంత ఇంజన్‌ది, కొంత మిగతా హంగులది.

"అలాంటప్పుడు 1.0 యే మేలు కదా" అంటారు. మీరు ఒక్కరే బడికి వెళ్లి వచ్చేవారైతే కళ్లు మూసుకుని అదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒక పాత సంగతి చెబుతాను.

2009 శివరాత్రి ముందురోజు మా ఇంటిల్లిపాదీ శ్రీశైలం బయలుదేరాం. నాకు అప్పుడు ఎనిమిదొందల సీసీ సెకండ్ హ్యాండ్ బండి ఉండేది. పెద్దవాళ్లం ఆరుగురం, పైన క్యారియర్ మీద సామాను. దోర్నాలలో ట్యాంకు ఫుల్ చేయించి ఘాట్ ఎక్కాను. పండగ రద్దీ, ముందర బస్సు, వెనక బస్సు. పదడుగులు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఫస్ట్ గేరులో హాఫ్ క్లచ్ మీద లాగించాను. కాసేపటికి కాలిన గోనెసంచి వాసన మొదలైంది. మా అత్తగారు "ఎవరో అడవిలో మంట పెట్టినట్టున్నారు బాబూ" అన్నారు. మంట మా కింద ఉందని నాకు తెలుసు, చెప్పలేదు. ఏసీ కట్టేశాను, ఇంజన్ వేడి తగ్గుతుందని హీటర్ తిప్పాను, లోపల అందరూ ఉడికిపోయారు. పైకి ఎలాగో చేరాం. తిరిగి దోర్నాల దిగి మళ్లీ ఫుల్ చేయించి లెక్క చూస్తే లీటరుకి పదకొండు వచ్చింది. దిగేటప్పుడు పెట్రోలు పెద్దగా పోదు, అది కలిపి కూడా పదకొండే. విజయవాడ ట్రాఫిక్‌లో అదే బండి నాకు పద్దెనిమిది ఇచ్చేది. వారం తిరక్కుండా క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు మార్చుకున్నాను. తప్పు బండిది కాదు. నలుగురి కోసం చేసిన బండిలో ఆరుగురిని కుక్కిన మెకానిక్‌ది.

ఎందుకలా అయిందో చెబుతాను, మీ లెక్కంతా ఇక్కడే ఉంది. బండి నడవడానికి కావలసిన బలం ఇంజన్ సైజుని బట్టి ఉండదు. బరువు, ఎత్తు, వేగం, వీటిని బట్టి ఉంటుంది. ఒకే బరువుని ఒకే కొండ ఎక్కించడానికి చిన్న ఇంజన్‌కైనా పెద్ద ఇంజన్‌కైనా అంతే బలం కావాలి. తేడా అల్లా ఆ బలం ఎంత సుఖంగా ఇస్తుందన్నదే. చిన్న ఇంజన్‌ని కింది గేర్లో పెట్టి నాలుగైదు వేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి అన్ని చుట్లు) దాకా తిప్పి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కితే, లోపలి కంప్యూటర్ ఇంజన్ మరీ వేడెక్కకుండా గాలి పాళ్లకి మించి పెట్రోలు పోస్తుంది. అది కాలి బలమివ్వడానికి కాదు, చల్లార్చడానికి. మీ డబ్బు అక్కడ పొగలో పోతుంది.

పెద్ద ఇంజన్‌కి దీనికి తిరగబడ్డ జబ్బు. టౌన్లో మెల్లగా పోయేటప్పుడు దానికి పని ఉండదు. యాక్సిలరేటర్ మీద కాలు సగం కూడా ఆనదు, త్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది. ఆ సందులోంచి గాలి లాక్కోవడానికే పిస్టన్లు అవస్థ పడతాయి. ఇంజెక్షన్ సిరంజి మూతిని వేలితో మూసి వెనక కాడ లాగి చూడండి, ఎంత గట్టిగా ఉంటుందో. పెద్ద ఇంజన్ సిగ్నల్ దగ్గరా, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనూ చేసేది అదే. ఊరికే నిలబడి ఉన్నా ఎక్కువ తాగుతుంది. ఇలా మీకు రెండు వైపులా ఖర్చే. చిన్నదాన్ని వంచితే ఖర్చు, పెద్దదాన్ని ఖాళీగా కూర్చోబెడితే ఖర్చు. మీ తిరుగుడులో ఏది ఎక్కువో చూసుకోవాలి.

మీ సంగతి చూడండి. వ్యాగనార్ బరువు ఎనిమిదొందల చిల్లర కేజీలు. మీ ఐదుగురూ, నాలుగు బ్యాగులూ, ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తా కలిపితే మూడొందలు దాటుతుంది. అంటే మూడో వంతుకు పైగా అదనపు బరువు. 1.0 ఇంజన్ బలం 67 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), టార్క్, అంటే చక్రాన్ని తిప్పే శక్తి, 89 న్యూటన్ మీటర్లు. 1.2 బలం 90, టార్క్ 113. నెలకి 22, 23 రోజులు మీరొక్కరే ఉంటారు, 67 చాలు. ఆ మిగతా రోజుల్లో, నాన్నగారు ముందు సీట్లో కూర్చుని ఉండగా, సింగిల్ రోడ్డు మీద లారీని దాటాలి చూడండి, అప్పుడు 67 కీ 90 కీ తేడా మీకు మైలేజీలో కాదు, గుండెల్లో తెలుస్తుంది. ఎదురుగా బస్సు వస్తుంటే ఆ నాలుగు సెకన్లు చాలా పెద్దవి. నెలకి నాలుగొందలు నేను దానికి పెడతాను. మీరు పెట్టకపోతే తప్పనను, కానీ అప్పుడు లారీ వెనకే ఓపిగ్గా పోయే అలవాటు చేసుకోవాలి.

ఇక క్రెటా 1.5. కంపెనీ మైలేజీ మాన్యువల్ పెట్రోలుకి 17.4. టౌన్లో పన్నెండు వస్తే మంచి డ్రైవర్ కింద లెక్క. వెయ్యి కిలోమీటర్లకి 83 లీటర్లు, తొమ్మిది వేలు. వ్యాగనార్ 1.2 కి పదహారు చొప్పున 6,750. నెలకి తేడా 2,250. ఇది కూడా అంతా ఇంజన్ పాపం కాదు. ఆ బండి బరువే మూడొందల కేజీలకు పైగా ఎక్కువ, వెడల్పు ఎక్కువ, టైర్లు వెడల్పు. అంటే మీరు ఖాళీగా వెళ్తున్నా అది ఎప్పుడూ నలుగురిని ఎక్కించుకున్నట్టే.

అయినా భయపడాల్సింది ఈ 2,250 చూసి కాదు. రెండు బళ్ల మధ్య ఆన్ రోడ్ ధర తేడా ఎంత తక్కువ వేసుకున్నా నాలుగు లక్షలు ఉంటుంది. అది లోనుగా తొమ్మిది శాతానికి ఐదేళ్లకి తీసుకుంటే నెలకి 8,300 కిస్తీ. పెట్రోలు తేడాకి నాలుగింతలు దగ్గర. జనం మైలేజీ గురించి నెల రోజులు ఆరా తీసి, లోను కాగితాల మీద ఐదు నిమిషాల్లో సంతకం పెట్టేస్తారు. నా షెడ్డులోనే చూశాను, టైర్లు మార్చుకోవడానికి డబ్బుల్లేక అరిగిన టైర్లతో తిరిగే ఖరీదైన బళ్లని.

సీసీ అంకెలు ఎందుకలా 1197, 1199, 1497 అని అదోలా ఉంటాయో మీరు గమనించే ఉంటారు. అది ఇంజనీరింగ్ కన్నా పన్ను వల్ల. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకి 18 శాతం జీఎస్టీ. ఇందులో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. క్రెటా పొడవు నాలుగు మీటర్లు దాటింది, ఇంజన్ కూడా 1200 దాటింది. లైఫ్ టాక్స్ మళ్లీ ధర మీద వేస్తారు, ధర పెరిగేకొద్దీ శాతమూ పెరుగుతుంది. కాబట్టి పెద్ద బండి కొనేటప్పుడు మీరు కట్టేదాంట్లో పెద్ద ముక్క సర్కారుకే. అది మీ చేత కొండ ఎక్కించదు.

టర్బో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే రేపు తమ్ముడు అడుగుతాడు. "సీసీ తక్కువైతే మైలేజీ ఎక్కువ" అనేవాళ్లకి మారుతి ఫ్రాంక్స్ కారు చూపించండి. అందులో 1.2 మామూలు ఇంజన్‌ ఉంది, 1.0 టర్బో ఉంది. మాన్యువల్‌లో 1.2 మైలేజీ 21.79, 1.0 టర్బోది 21.5. సీసీ రెండొందలు తక్కువ, మైలేజీ కూడా తక్కువే, కానీ బలం 100 పీఎస్, టార్క్ 147. టర్బో అంటే చిన్న డొక్కలోకి ఎక్కువ గాలి కుక్కి, దానికి తగ్గట్టు పెట్రోలు పోయడమే. నెమ్మదిగా నడిపితే చిన్న ఇంజన్‌లా ఉంటుంది, తొక్కితే పెద్ద ఇంజన్‌లా తాగుతుంది. ఒకే మోడల్ టర్బో బళ్లు రెండు నా దగ్గరికి వస్తాయి. బ్యాంకులో పనిచేసే ఆయనకి పదహారు వస్తుంది, వాళ్లబ్బాయి వయసున్న కుర్రాడికి పదకొండు. ఇంజన్ ఒకటే, కాళ్లు వేరు. సరదా ఏమిటంటే ఆ టర్బో 998 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం కింది మెట్టులోనే పడుతుంది. ఊటీ లాంటి ఎత్తు ఊళ్లకి తరచూ వెళ్లేవాళ్లకి టర్బో నిజంగా మేలు. 2,200 మీటర్ల పైన గాలి పలచబడి మామూలు ఇంజన్ ఐదో వంతు బలం పోగొట్టుకుంటుంది. శ్రీశైలానికి, తిరుమలకి అంత అవసరం లేదు.

డీజిల్ ఎందుకు వద్దన్నానంటే, మీ బడి పన్నెండు కిలోమీటర్లే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య నిబంధన) డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది బాగా వేడెక్కి, కాసేపు హైవే వేగంలో తిరిగితేనే పట్టిన మసి కాలి శుభ్రపడుతుంది. రోజూ దగ్గర దగ్గర తిరిగితే నిండిపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఇంటికీ కొట్టుకీ మధ్య మూడు కిలోమీటర్లు తిరగడానికి డీజిల్ కొన్న బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నారు. ఆయన బండిని నెలకోసారి మా కుర్రాడు గన్నవరం దాకా తోలుకెళ్లి తెస్తాడు, కుక్కని షికారుకి తిప్పినట్టు. డబ్బు లెక్కలో కూడా చూడండి. పెట్రోలూ డీజిలూ రెండూ దొరికే బండిలో డీజిల్‌కి లక్షన్నర అటూ ఇటూ ఎక్కువ పెట్టాలి. పెట్రోలు పన్నెండున్నర, డీజిల్ పదహారు ఇచ్చినా, డీజిల్ లీటరు 96 చొప్పున కిలోమీటరుకి మిగిలేది రెండు రూపాయల అరవై పైసలు. లక్షన్నర తిరిగి రావడానికి 57 వేల కిలోమీటర్లు తిరగాలి. మీ నడకకి దాదాపు ఐదేళ్లు. నెలకి రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్లకి డీజిల్ ఇప్పటికీ బంగారమే. వాళ్లు వేరు, మీరు వేరు.

సీఎన్‌జీ గురించి మీరు అడగలేదు. డిక్కీలో సగం సిలిండర్ ఆక్రమిస్తుంది, మీ బియ్యం బస్తాకి చోటుండదు. వదిలేయండి.

కొన్నాక మైలేజీ చూసుకునే తీరు మాత్రం చెబుతాను. డ్యాష్‌బోర్డు చూపించే అంకె నమ్మకండి. నా బండిలో తెర మీద 19.8 చూపిస్తే, బంకులో లెక్క చూసుకుంటే 17.9 వచ్చింది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను మొదటిసారి టక్కుమని ఆగేదాకా కొట్టించండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మూడు నాలుగొందలు తిరిగి మళ్లీ అక్కడే అలాగే కొట్టించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చూసి సగటు తీయండి. మొదటి సర్వీసు కాకముందు వచ్చే అంకె చూసి బెంగపడొద్దు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. మీ పక్కింటాయన ఐదేళ్ల క్రితం చెప్పిన మైలేజీ మీకు రాకపోతే అది మీ ఇంజన్ తప్పు కానక్కర్లేదు.

వేగం కూడా. 80 నుంచి 100 కి వెళితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వ్యాగనార్ నిలువు డబ్బా లాంటి బండి, గాలికి ఎదురు నిలుస్తుంది. హైవే మీద 110 లో తోలి "మైలేజీ పదిహేనే వస్తోంది, ఇంజన్ చూడు" అని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. చూడాల్సింది ఇంజన్ కాదు కదా. 1.0 అయితే ఆ వేగంలో అరుపు కూడా ఎక్కువ, 1.2 కాస్త నయం.

చివరగా ఒక పని చేయండి. టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కరే వెళ్లొద్దు. షోరూమ్ వాళ్లు పక్కన కూర్చుని చదును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెస్తారు, అందులో 1.0 కూడా గుర్రంలాగే ఉంటుంది. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి, నాన్నగారిని కూడా. ఏసీ ఫుల్‌గా పెట్టండి. గుంటూరులో ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కేచోట సగంలో పక్కకి తీసి ఆపి, వెనక బళ్లు లేనప్పుడు బయలుదేరండి. ముందు 1.0 తో, తర్వాత 1.2 తో. ఇంజన్ని అరిపించకుండా కదిలి, పై దాకా వెళ్లేలోపు సెకండ్‌ గేరులో సాఫీగా పడితే 1.0 తీసుకుని ఆ ముప్ఫై వేలు పిల్లల పేరున వేసుకోండి. ఫస్ట్ గేరు వదలలేకపోతే మాత్రం అక్కడికక్కడే 1.2 బుక్ చేసేయండి.